ఆరు వేళ్లు, రెండు వేళ్లు

నెలకో ఆదివారం మా నాన్న చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, చొక్కా పైకెత్తి, "రాయే, కొలు" అనేవాడు. నా చేతులు చల్లగా ఉంటే తిడతాడు. అందుకని అరచేతులు రెండూ బాగా రుద్దుకుని ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఎడమవైపు పక్కటెముకలు ఆగిపోయే చోట మొదలుపెట్టి, కింద గట్టిగా తగిలే అంచు దాకా వేలు పక్కన వేలు ఆనించి లెక్కపెట్టేదాన్ని. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అమ్మ కేక వేసేది.

"ఎన్ని వేళ్లే?"

"ఆరే అమ్మా."

"పెరగనేదు కదా?"

"పెరగనేదు, ఆరే."

ఆ మాట చెవిన పడ్డాకే అమ్మ పోపు వేసేది. మూడేళ్లకు పైగా మా ఇంట్లో ఇదే తంతు. ఆ గట్టి అంచు నాన్న ప్లీహానిది. మామూలు మనిషికి అది పక్కటెముకల చాటున ఉంటుంది, చేతికి తగలదు. నాన్నకి ఆరు వేళ్లు కిందకి దిగి ఉంది. దాన్ని అంత పెంచినది లింఫోమా అనే ఒక రకం రక్తపు క్యాన్సరు. ఈ మాట నేను ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, మొదటిసారి విన్నరోజు బస్టాండులో కూర్చుని బస్సు వెళ్లిపోతున్నా లేవలేకపోయాను.

మాది భావనపాడు. నాన్న పదిహేనేళ్లప్పుడే చేపల వేటకి సముద్రం మీదకి వెళ్లిన మనిషి. అరవై దాటాక ఉన్నట్టుండి అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టాడు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందనేవాడు. ఎడమవైపు బరువుగా ఉందనేవాడు. మా వైపు ఎడమ డొక్కలో గట్టిపడితే దాన్ని బల్ల అంటారు. మలేరియా జ్వరాలు ఎక్కువ కదా, చాలామందికి అలా ప్లీహం ఉబ్బేది. బల్లకి వాత పెట్టించడం మా అమ్మకి తెలిసిన ఏకైక వైద్యం. పక్క ఊళ్లో వాతలు పెట్టే ముసలాయన డొక్క తడిమి చూసి, "బల్లే, సందేహం నేదు" అని ఇనుము కాల్చి రెండు చురకలు పెట్టాడు. నేను ఎచ్చెర్లలో ఉద్యోగం చేసుకుంటూ ఆ సంగతి వారం తరవాత విన్నాను. వచ్చి ఇల్లు పీకి పందిరేశాను. చేత్తో తడిమి జబ్బు పేరు చెప్పడానికి వాడెవడని అమ్మని నానా మాటలూ అన్నాను. అమ్మ ఏడ్చింది. నా నోరు అలాంటిది.

నాన్నని విశాఖపట్నం తీసుకెళ్లింది నేనే. రక్తపరీక్షలు, స్కానింగులు, నడుము ఎముకలోంచి మజ్జ తీసిన పరీక్ష, అన్నిటికీ నాన్న మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. చివర్న పెద్ద డాక్టరు వచ్చి, ఏ మెషీనూ ముట్టుకోకుండా, నాన్న డొక్క మీద చెయ్యి వేసి, ఊపిరి గట్టిగా పీల్చమని, "ఆరు వేళ్లు" అన్నాడు. నాన్న మొహం విప్పారింది. ఎందుకంటే మా వాళ్లు వలకన్నుని వేళ్లతోనే కొలుస్తారు. కన్నులో ఎన్ని వేళ్లు పడితే అన్ని వేళ్ల వల. ఏ వలలో ఏ చేప పడుతుందో, ఏది జారిపోతుందో ఆ లెక్కతోనే చెప్పేస్తారు.

"ఆరు వేళ్ల కన్నైతే వంజరమంత సేప కూడా జారిపోతాది బాబూ" అన్నాడు నాన్న.

డాక్టరు గట్టిగా నవ్వాడు. ఆ రోజు నుంచి నాన్నకి ఆయన మీద గురి కుదిరింది. మెషీన్లు చెప్పినదాన్ని నమ్మలేదు గానీ, వేళ్లతో కొలిచినవాడు అబద్ధం చెప్పడని నమ్మాడు. ఇంటి దగ్గర నెలకోసారి చూసుకోమని డాక్టరు నాకూ నేర్పాడు. చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎంత నొక్కాలో, ఎంతకి మించి నొక్కకూడదో చూపించాడు.

అక్కడితో ఆగకుండా ఆయన నాకు చాలా చెప్పాడు. లింఫోమా అంటే ఒక్క జబ్బు కాదమ్మా, ఇంటిపేరు ఒకటే గానీ మనుషులు వేరు అన్నాడు. మీ నాన్నగారిది ప్లీహంలోనే పుట్టి అక్కడే కాపురం పెట్టే రకం, చాలా నిదానం. ప్లీహం బాగా పెరుగుతుంది, పెరిగినకొద్దీ రక్తకణాల్ని పట్టేసుకుంటుంది, అందుకే ఈ నీరసం. ఇప్పుడే మందు అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉందాం అన్నాడు. నేను అప్పటికే ఊపిరి పీల్చుకున్నాను. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. కొన్ని రకాలు మెడ గెడ్డల్లో మొదలై ప్లీహానికి ఆలస్యంగా వస్తాయి. కొన్ని ప్లీహం లోపల ఒక గెడ్డ వేసి వారాల్లో పెరుగుతాయి. కొన్నిట్లో ప్లీహం పైకి పెరగనే పెరగదు, లోపలంతా నిండిపోయి ఉంటుంది. కాబట్టి పెద్దదా చిన్నదా అనేదాన్ని బట్టి ప్రమాదాన్ని లెక్కగట్టకూడదు, జ్వరం, ఒళ్లు తడిసిపోయే చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే రావాలి.

నేను బుద్ధిగా తలూపాను. నా బుర్రలోకి మాత్రం ఒక్క మాటే ఎక్కింది. కనిపెట్టుకుని ఉందాం. మిగతాదంతా వేరేవాళ్ల జబ్బులనుకున్నాను. మా ఇంట్లో ఇంకో మనిషికి అలాంటిది వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు!

ఇక ఊళ్లో నా దర్జా చూడాలి. అదివరకు ఆఫీసులో కాగితాలు చూసుకునే మనిషిని, నాన్న జబ్బుతో సగం డాక్టర్నైపోయాను. రిపోర్టులు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవాళ్లు. చదివి చెప్పేదాన్ని. మా చెల్లి నన్ను ఏడిపించేది. "డాక్టరమ్మ వచ్చింది, లెగండి, లెగండి" అని అరుగు మీద కూర్చున్నవాళ్లని లేపేసేది. నాకు లోపల భలే సంతోషంగా ఉండేది.

చెల్లి నాకంటే ఏడేళ్లు చిన్నది. ఊళ్లోనే ఇచ్చాం. మరిది గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్తే ఎనిమిది నెలలు ఉండడు. అది పొద్దున్నే ఒడ్డుకి పోయి, పడవలు వచ్చీ రాగానే వేలంపాటలో చేపలు కొనుక్కుని, గంప ఆటోలో వేసుకుని టెక్కలి వెళ్లి అమ్ముకునేది. బేరంలో దాని నోటికి ఎదురు లేదు. కానాగంతలు మెత్తబడ్డాయని ఎవరైనా వంక పెడితే, "నిన్నటి నుంచి నువ్వూ మెత్తబడ్డావు, నేనేటైనా అన్నానా?" అనేది. నవ్వి కొనేసేవాళ్లు.

ఆ ఏడు ఎండలు మొదలైన కొత్తలో, నాన్నని కొలిచి చెయ్యి కడుక్కుంటుంటే చెల్లి నూతి దగ్గరకి వచ్చింది.

"అప్పా, ఒకపాలి నన్నూ సూడు. ఇక్కడేదో తగుల్తన్నాది."

అప్ప అంటే మా వైపు అక్క. అది నన్ను అలాగే పిలిచేది.

"నీకేటే, గంపలు మోసి మోసి నరం పట్టుంటాది" అన్నాను.

"సూడొచ్చు కదే. అమ్మకి సెప్పకు, వాత పెట్టించీగలదు."

ఇద్దరం నవ్వుకున్నాం. దాన్ని గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసి, చాప మీద పడుకోబెట్టాను. డాక్టరు నేర్పినట్టే మోకాళ్లు మడవమన్నాను, ఊపిరి పీల్చమన్నాను. తగిలింది. పక్కటెముక కింద నిజంగానే గట్టిగా అంచు తగిలింది. తరవాత వేళ్లు పెట్టి చూశాను. రెండు. రెండంటే రెండే.

"ఎంతే?" అంది చెల్లి పైకప్పు వైపు చూస్తూ.

"రెండు వేళ్లే. నాన్నకి ఆరు ఉన్నాయి. ఆరున్న మనిషి మూడేళ్లై తింటా తిరగతన్నాడు, రెండుకి నీకేటి భయం? జ్వరాలొచ్చినప్పుడు ఇలగ ఉబ్బుతాది, తగ్గిపోతాది."

"సాయంత్రాలు ఒళ్లు కాలతన్నాదే. రాత్రి జాకెట్టు పిండితే నీళ్లు కారతన్నాయి."

"ఎండాకాలం, కరెంటు నేదు, ఎవులికి పట్టదు సెమట?"

"అయితే ఎల్లక్కర్నేదంతావా?"

"పై నెల్లో మళ్లీ కొలుస్తాను. పెరిగితే ఎల్దాం."

అది లేచి చీర సర్దుకుని, "నువ్వెలగంటే అలగే" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వెళ్దామని నేను ఒక్క మాట అని ఉంటే మర్నాడు పొద్దున్న బస్సెక్కేది. పది మందితో దెబ్బలాడే పిల్ల, నా మాటకి మాత్రం ఎదురు చెప్పేది కాదు.

పై నెల కొలిచాను. రెండే. ఆ పై నెలా రెండే. "సూసినావా, పెరగనేదు" అన్నాను గొప్పగా. దాని చెంపలు లోపలికి పోయాయి. జాకెట్లు వదులయ్యాయని రెండువైపులా కుట్లు వేసుకుంది. సముద్రంలో వేట నిషేధం రోజులు, చేపా లేదు బేరమూ లేదు, మనుషులు చిక్కిపోరా అని నేనే సమాధానం చెప్పుకున్నాను. నా కళ్లు దాని మొహం చూడలేదు. నా వేళ్లు చెప్పినదే నమ్మాను. నిజానికి నాన్న చేసినదీ, నేను చేసినదీ ఒకటే. వేలితో కొలిచింది తప్పు పోదని మా ఎముకల్లో ఉంది. పైగా నాకు చదువుకున్నానన్న పొగరు కూడా ఉంది.

నాలుగో నెలలో చెల్లి టెక్కలి బజారులో గంప దగ్గరే పడిపోయింది. శ్రీకాకుళంలో స్కాన్ తీశారు. స్కాన్ తీసిన అమ్మాయి తెర వైపే చూస్తూ నాతో మాట్లాడటం మానేసింది. అప్పుడే నాకు అర్థమైంది. అక్కణ్నుంచి విశాఖపట్నం, అదే డాక్టరు. ఆయన నన్ను గుర్తుపట్టి నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు. తరవాత చెల్లి డొక్క తడిమాడు. స్కాన్ చూశాడు. ప్లీహం పెద్దగా పెరగలేదు, లోపల నిమ్మకాయంత గెడ్డ ఉంది, కాలేయంలో ఉంది, తరవాత తీసిన పరీక్షలో మజ్జలోనూ ఉందని తేలింది. మీ నాన్నగారి రకం కాదమ్మా ఇది, తొందరగా పరిగెత్తే రకం అన్నాడు. మూడేళ్ల కిందట ఆయన చెప్పిన మాటలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఒక్క ముక్క కూడా పోలేదు. అన్నీ నా దగ్గరే ఉన్నాయి.

"డొక్కలో తగులుతోందని మొదట ఎప్పుడు చూసుకున్నావమ్మా?" అని డాక్టరు చెల్లిని అడిగాడు.

నేను నోరు తెరిచాను. నా నోరు, ఎప్పుడూ మూతపడని నోరు, తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"ఒక నెలౌతాది బాబూ" అంది చెల్లి.

ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. నేను దాని మంచం మీద కూర్చున్నాను. నా వైపు చూడకుండా దుప్పటి అంచు లాక్కుంటోంది.

"ఎందుకే ఆ అబద్ధం?"

"నాలుగు నెలలంటే, ఇన్నాళ్లూ ఏటి సేసినావని అడగతాడు. అప్పుడు నువ్వేటి సెప్తావు?"

నేను ఏడుస్తుంటే అది నన్ను కసిరింది. "ఊరుకోయే, పక్క మంచాలోలు సూస్తన్నారు. నయమైపోతే నేనే నిన్ను నాలుగు తిడతాను. అప్పుడు ఏడు."

మందులు మొదలుపెట్టారు. మొదటిసారికి జ్వరం దిగింది. రెండు రోజులు ఇడ్లీ తింది, కానాగంతల పులుసు కావాలంది, అమ్మ ఇంటి దగ్గర వండి డబ్బాలో పంపించింది. వాసన చూసి రెండు ముద్దలు తిని, "అమ్మ ఉప్పు మర్సిపోయింది" అంది. మరిది గుజరాత్ నుంచి వచ్చేసరికి దాని జుట్టు లేదు. గుమ్మంలో ఆగిపోయిన మనిషిని చూసి, "ఎవులో అనుకున్నావేటి? నీ పెళ్లామే, రా" అంది. రెండోసారి మందు ఎక్కాక రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. అయిదు రోజులు. ఆ అయిదు రోజుల గురించి నేను రాయను. ఆరో రోజు మధ్యాహ్నం చెల్లి పోయింది.

భావనపాడు తీసుకొచ్చాం. దాని దగ్గర చేపలు కొనే ఆడవాళ్లు టెక్కలి నుంచి రెండు ఆటోల నిండా వచ్చారు. వాళ్లలో ఒకావిడ నన్ను పట్టుకుని, "నువ్వు సదువుకున్నదానివి, ముందే కనిపెట్టలేకపోయినావేటమ్మా" అని ఏడ్చింది. పాపం ఆవిడ మామూలుగానే అంది. నేను వెళ్లి నూతి గట్టు మీద కూర్చున్నాను. ఇన్నాళ్లూ వాతలు పెట్టిన ముసలాయన్ని తిట్టాను. ఆయన తడిమి చూసి జబ్బుకి తప్పు పేరు చెప్పాడు. నేను తడిమి చూసి జబ్బే లేదన్నాను. నన్ను ఎవరు తిడతారు? తిట్టవలసిన మనిషి లేకుండా పోయింది.

చెల్లిని నేను కొలిచానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ నాలుగు నెలల సంగతి మా ఇద్దరికే తెలుసు, అందులో ఒకరు లేరు. అమ్మ మాత్రం వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పేది. "మా పెద్దది ఇంట్లో ఉండి కూడా తెలీనేదమ్మా, అలగొచ్చీసింది మాయదారి రోగం. తెలిస్తే అది ఊరుకుంతాదా, బుజాల మీదెత్తుకుని ఆస్పత్రికి అట్టుకుపోయీది." నేను తల దించుకుని వినేదాన్ని. నన్ను వెనకేసుకొస్తున్నాననుకునేది అమ్మ.

పెద్దదినం అయిపోయాక వచ్చిన మొదటి ఆదివారం. అమ్మ పది, పదిహేను రోజుల తరవాత పొయ్యి దగ్గర సరిగ్గా కూర్చుని ఏదో వండుతోంది. నాన్న చాప పరుచుకుని పడుకున్నాడు. మోకాళ్లు మడిచాడు. చొక్కా ఎత్తాడు. ఎడమ డొక్క మీద పాత వాతల మచ్చలు రెండూ కనిపిస్తున్నాయి.

"రాయే, కొలు."

వెళ్లి పక్కన కూర్చున్నాను. చేతులు రుద్దుకోలేదు. ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏటే?"

"నేను కొలవను నాన్నా."

"ఏటి?"

అక్కడ చెప్పేశాను. గొంతు తగ్గించి, వంటింట్లోకి వినపడకుండా. చెల్లి నా దగ్గరకొచ్చిందని, రెండు వేళ్లే అన్నానని, మూడుసార్లు కొలిచానని, జ్వరం వస్తోందంటే ఎండ అన్నానని, డాక్టరు దగ్గర అది నా కోసం అబద్ధమాడిందని. నాన్న పైకప్పు వైపు చూస్తూ విన్నాడు. కణతల మీంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"నాకు తెలుసే" అన్నాడు చివరికి. "అది ముందు నా కాడకే వొచ్చింది. ఒడ్డున వల కుడతన్నాను. నాన్నా, నాకూ నీలాగే తగుల్తన్నాది, ఓపాలి సూడు అంది. నా వేళ్లు వల కుట్టి కుట్టి మొద్దుబారిపోయినాయి, అప్పనడుగు, దానికి తెలుసు అన్నాను. నేనే పంపినాను నీ కాడికి."

నేను తల తిప్పి ఆయన వేళ్ల వైపు చూశాను.

"నీ కాడ్నుంచి మళ్లీ నా కాడికే వొచ్చింది. రెండేనట నాన్నా అంది. రెండైతే ఏటీ నేదెల్లే, నాకు ఆరున్నాయి, నేను సచ్చిపోనానేటి అన్నాను. నవ్వినాను కూడానే. అది నవ్వుతా ఎల్లిపోయింది."

నాన్న చెయ్యి చాప మీద వెతుక్కుని నా మోకాలు పట్టుకుంది. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే అనుకున్నాను. చెల్లి పోయిన దగ్గర్నుంచీ ఆయన ఒడ్డు మీద కూర్చుని వల ముందేసుకుని, ఒక్క కన్ను కూడా కుట్టకుండా సాయంత్రానికి లేచి రావడం చూశాను. కూతురు పోయిన దుఃఖం అనుకున్నాను. దాని కింద ఇది ఉందని నాకు తట్టలేదు.

"అమ్మకి సెప్తామా?" అన్నాను.

"దానికా?" అన్నాడు నాన్న. "అది మనిద్దర్నీ సూసుకునే కదే బతకతన్నాది."

చొక్కా ఎత్తే ఉంది. ఆయన ఊపిరికి ఆ డొక్క పైకి లేస్తోంది, దిగుతోంది. వంటింట్లో మూకుడు పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ వెనకే అమ్మ గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు, ఎప్పటిలాగే అడిగింది.

"ఎన్ని వేళ్లే?"

నేను నాన్న వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఆరే అమ్మా" అన్నాను.

"పెరగనేదు కదా?"

"పెరగనేదు."

నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. లోపల అమ్మ పోపు వేసింది.